కోబ్రా రెప్లికాకి ఇంజిన్ కంటే ముందు గేర్లు తేల్చుకోండి

కోబ్రా రెప్లికాలో (1960ల కోబ్రా స్పోర్ట్స్ కారుకి నకలు) ఫోర్డ్ ఇంజిన్లలో 302 వేయాలా, 351 విండ్సరా, లేక ఏకంగా 427కే వెళ్లాలా అని ఒకరు అడిగారు. ఈ అంకెలు ఇంజిన్ సైజు, క్యూబిక్ అంగుళాల్లో. గేర్‌బాక్స్ సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నన్నడిగితే ఆ ముక్కే ముందు చూడాలి.

ఈ బండి బరువు టన్నుకి కాస్త అటూఇటూ. 1962లో కోబ్రాని తయారుచేసిన షెల్బీ మొదటి కారులో పెట్టింది 260 క్యూబిక్ అంగుళాల చిన్న వీ8. తర్వాత 289 వచ్చింది. 1965లో జీటీ తయారీదారుల ఛాంపియన్‌షిప్ గెలిచిన డేటోనా కూపేల్లో (కోబ్రా రేసు కార్లు) ఉన్నదీ ఆ 289యే. అయినా ఎవరిని కదిపినా హార్స్‌పవర్ లెక్కే చెబుతారు. డిఫరెన్షియల్ రేషియో (చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క) ఎంతని అడిగితే నోరు మెదపరు!

లెక్క చూడండి. టైరు వ్యాసం 26 అంగుళాలు, డిఫరెన్షియల్ 3.55 అనుకుందాం. ఫోర్డ్ మస్టాంగ్ కారులో వచ్చిన ఐదు గేర్ల టీ5 గేర్‌బాక్స్‌లో మొదటి గేరు రేషియో 3.35. అంటే 5,500 ఆర్‌పీఎం దగ్గర 57 కిలోమీటర్ల వేగానికే మొదటి గేరు అయిపోతుంది. ఇంత తేలికైన బండిలో అది దండగ. అదే మొదటి గేరు 2.95 ఉన్న టీ5 తీసుకుని 3.31 డిఫరెన్షియల్ పెడితే 70 దాకా లాగుతుంది. కానీ అందులో ఐదో గేరు 0.63. గంటకి వంద మీద ఇంజిన్ 1,700 కూడా తిరగదు. రేసు కామ్ (ఇంజిన్ వాల్వులను తెరిచే షాఫ్ట్, ఎక్కువ ఆర్‌పీఎంకి చెక్కింది) వేయించారా, ఆ వేగంలో బండి కుదుపులే కుదుపులు. కాబట్టి కామ్ కూడా గేర్లను చూసే ఎంచుకోవాలి.

ఇక అసలు చెప్పాల్సింది. నా స్నేహితుడొకడు ‘అంతా రెడీ, దించేసి బిగించుకోవడమే’ అన్న అమ్మకందారు మాట నమ్మి 302 కొన్నాడు. ఐడిల్‌లో బంగారంలా ఉంది. 2,500 దాటగానే అద్దంలో వెనక రోడ్డు అలుక్కుపోయేది, గేర్ లివర్ చేతిలో నిలిచేది కాదు. కార్బ్యురేటర్ మీద అనుమానపడ్డారు, ఇంజిన్ మౌంట్లు మార్చారు, ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పారు. ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక ఉండే బరువైన చక్రం) చూద్దామని నేను పట్టుబట్టాక గానీ గుట్టు బయటపడలేదు. పాత 302 క్రాంక్‌షాఫ్ట్ సమతూకంగా తిరగాలంటే 28 ఔన్సుల ఇంబాలెన్స్ (కావాలని ఒక పక్క ఉంచిన ఎక్కువ బరువు) ఉన్న ఫ్లైవీల్, ఇంజిన్ ముందుండే డంపర్ కావాలి. 1980ల మొదట్లో ఫోర్డ్ దాన్ని 50కి మార్చింది. వాడిది 50 ఇంజిన్, బిగించింది 28 ఫ్లైవీల్. రెండూ బోల్టులకి చక్కగా కూర్చుంటాయి, అదే ప్రమాదం. అలాగే నడిపితే బేరింగులు పోతాయి. అది చెప్పకుండా అమ్మినవాడి మీద నాకిప్పటికీ కోపమే.

427 బరువు ముక్కు మీద పడుతుంది, వద్దు. 351 బ్లాక్ 302 కంటే అంగుళానికి పైగా ఎత్తు, బానెట్ కింద ఖాళీ కొలుచుకోండి. దానికి టీ5 ఆగదు, అంతకంటే బలమైన ట్రెమెక్ టీకేఎక్స్ గేర్‌బాక్స్ వేయాలి. నేనైతే 302, 2.95 టీ5, 3.55 డిఫరెన్షియల్, మోస్తరు కామ్ వేస్తాను. డబ్బు చేతికిచ్చే ముందు క్రాంక్ 28దో 50దో అమ్మేవాడి చేత కాగితం మీద రాయించుకోండి.