కాలేజీ కోచ్ వెంట ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లవచ్చా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో స్థిరపడ్డాము. మా అబ్బాయి మాస్టర్స్ చదువుతూ, అదే విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే పీజీ చదువుతూ కోచ్‌లకు సాయపడే ఉద్యోగిగా, పనిచేస్తున్నాడు. వరుసగా గెలుస్తున్న వాళ్ల హెడ్ కోచ్‌కు ఈ ఆట ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి పిలుపు రావచ్చట, ఆయన వెళితే మావాణ్ణీ తీసుకువెళతానన్నారట. చదువు మధ్యలో ఆపేసైనా వెళతానంటున్నాడు. కాలేజీలో అంతగా గెలిచిన కోచ్ ప్రొఫెషనల్ జట్టులోనూ రాణిస్తాడని నమ్మవచ్చా?

జవాబు: కాలేజీ విజయాలను మాత్రమే చూసి నమ్మడానికి లేదు. ఆ కోచ్ ఎన్ని ఆటలు గెలిచారన్నదాని కన్నా, ఏ కారణాల వల్ల గెలిచారు, వాటిలో ఎన్ని ఆయనతో పాటు ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వస్తాయి అన్నది మీరు ముందుగా పరిశీలించాలి.

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆటగాళ్లను ఎంచుకునేది చాలావరకు కోచే. పేరున్న విశ్వవిద్యాలయం కోచ్ హైస్కూలు కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులను ఒప్పించి, దేశంలోని మేలైన ఆటగాళ్లను ఏటా తన జట్టుకు చేర్చుకోగలడు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లలను ఏరి చేర్చుకున్న కార్పొరేట్ కాలేజీ ర్యాంకుల ప్రకటన వేసినప్పుడు, అందులో బోధన వాటా ఎంత, ఏరివేత వాటా ఎంత అని మనం అడగమా? ఇక్కడా అదే అడగాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధనలు ఈ ఏరివేత సౌకర్యాన్ని చాలావరకు తీసివేస్తాయి. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో అందరికన్నా వెనుకబడిన జట్టుకే మొదటి అవకాశం దక్కుతుంది, జట్టు మొత్తం జీతాలకు శాలరీ క్యాప్ అనే గరిష్ఠ పరిమితి ఉంటుంది, జట్టు 53 మందికి పరిమితం.

కాలేజీ కోచ్ నిక్ సేబన్ 2003లో ఎల్‌ఎస్‌యూకు (లూసియానా స్టేట్ యూనివర్సిటీకి) జాతీయ టైటిల్ తెచ్చి, 2005లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు మయామీ డాల్ఫిన్స్‌కు వెళ్లారు. ఆయనకు ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త కాదు, క్లీవ్‌లాండ్ జట్టులో హెడ్ కోచ్ బిల్ బెలిచిక్ దగ్గర డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా నాలుగేళ్లు పనిచేసినవారే. అయినా రెండు సీజన్లలో 15 గెలుపులు, 17 ఓటములు. 2006లో క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే, బంతి విసిరే ఆటగాడు) డ్రూ బ్రీస్ భుజం గాయంపై వైద్యులు సందేహం చెప్పడంతో డాల్ఫిన్స్ బ్రీస్‌ను కాదని డాంటే కల్‌పెపర్‌ను తీసుకున్నారు. బ్రీస్ న్యూ ఆర్లీన్స్‌కు వెళ్లి తరువాత సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలిచారు. సేబన్ అలబామా విశ్వవిద్యాలయానికి వెళ్లి ఆరు జాతీయ టైటిళ్లు సాధించారు. రెండు చోట్లా కోచ్ అదే మనిషి, మారింది చేతిలో ఉన్న ఆటగాళ్లు, ముఖ్యంగా క్వార్టర్‌బ్యాక్.

రెండవది అధికారం. స్కాలర్‌షిప్ మీద ఆడే ఇరవై ఏళ్ల విద్యార్థి కోచ్ మాటను శాసనంగా తీసుకోవచ్చు. కోట్ల డాలర్ల కాంట్రాక్టు, వెనుక కార్మిక సంఘం, ఇంట్లో భార్యాపిల్లలు ఉన్న ముప్పై ఏళ్ల ఆటగాడు ఆ మాట తన ఆటను బాగుచేస్తేనే వింటాడు. కాలేజీలో మూడు జాతీయ టైటిళ్లు గెలిచిన అర్బన్ మేయర్‌ను జాక్సన్‌విల్ 2021లో పదమూడు ఆటలకే తొలగించింది, గెలిచినవి రెండే. కాలేజీ నుంచే వచ్చిన స్టీవ్ స్పరియర్ వాషింగ్టన్‌లో రెండు సీజన్లలో 12 గెలిచి 20 ఓడి రాజీనామా చేశారు.

వ్యూహాలు మాత్రం కొంతవరకు వెంట వస్తాయి. ఆరెగన్ విశ్వవిద్యాలయంలో 46 గెలుపులు, 7 ఓటముల రికార్డుతో వచ్చిన చిప్ కెల్లీ తన వేగవంతమైన ఆటతో ఫిలడెల్ఫియాలో మొదటి రెండేళ్లు ఏటా 10-6తో (పది గెలుపులు, ఆరు ఓటములు) నిలిచారు. ఆటగాళ్ల ఎంపిక కూడా చేతికి వచ్చిన 2015లో సీజన్ పూర్తికాకముందే ఉద్వాసనకు గురయ్యారు. కాలేజీ మైదానంలో హ్యాష్ గుర్తుల (బంతిని ఏ అడ్డు హద్దుల లోపల ఉంచి ఆట మొదలుపెట్టాలో చూపే గీతల) మధ్య 40 అడుగుల దూరం ఉంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అది 18.5 అడుగులే కాబట్టి, ఒక పక్కన దొరికే విశాలమైన ఖాళీ మీద ఆధారపడిన ఎత్తుగడలు అక్కడ అంతగా పారవు.

నెగ్గుకొచ్చినవారూ ఉన్నారు. మీ ఊరి వాళ్లకు బాగా తెలిసిన జిమ్మీ జాన్సన్ ఎన్‌ఎఫ్‌ఎల్ అనుభవం ఏమీ లేకుండానే 1989లో డాలస్ కౌబాయ్స్‌కు వచ్చి, మొదటి ఏడాది ఒక్కటే గెలిచి, 1992, 1993 సీజన్లలో సూపర్ బౌల్ సాధించారు. పేరున్న ఆటగాడు హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చి బదులుగా డ్రాఫ్ట్ అవకాశాల మూట తెచ్చుకోవడం, కాలేజీ ఆటగాళ్లపై తనకున్న పరిజ్ఞానాన్ని ఆ ఎంపికల్లో వాడటం, 1-15 తరువాత కూడా యజమాని ఓపిక పట్టడం ఆయనకు కలిసివచ్చాయి. పీట్ క్యారల్, జిమ్ హార్బా ఇద్దరూ ఎన్‌ఎఫ్‌ఎల్ లోపలి నుంచి కాలేజీకి వెళ్లి తిరిగి వచ్చినవారు. క్యారల్ సియాటిల్‌కు సూపర్ బౌల్ తెచ్చారు. హార్బా 5-12తో ఉన్న లాస్ ఏంజిలిస్ చార్జర్స్‌ను 2024లో 11-6కు చేర్చారు.

ఇటీవల కాలేజీ ఆటే ప్రొఫెషనల్ ఆటకు దగ్గరవుతోంది. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ప్రచారంపై సంపాదించవచ్చు, 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే వారికి నేరుగా ఆదాయంలో వాటా ఇవ్వవచ్చు. ఇలాంటి బడ్జెట్‌తో జట్టును నడిపిన కోచ్ పాతవారికన్నా కొంత సిద్ధంగా వెళతారని నా అభిప్రాయం. అయితే మేలైన ఆటగాళ్లకు ఎక్కువ చెల్లించగల విశ్వవిద్యాలయానికి ఇప్పటికీ మొగ్గు ఉంది, కనుక ఏరివేత ప్రశ్న అలాగే మిగిలింది.

ఇక మీ అబ్బాయి విషయం. హెడ్ కోచ్‌ను తొలగిస్తే సహాయకుల్లో చాలామంది కూడా ఇంటిదారి పడతారు, కొత్తగా చేరిన కుర్రాడికి రక్షణ మరీ తక్కువ. కాబట్టి అతను కోచ్‌ను మర్యాదగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి: ఆటగాళ్ల ఎంపికలో తుది మాట ఎవరిది, క్వార్టర్‌బ్యాక్ ఎవరు, తనకు ఇచ్చే పని ఏమిటి, కాంట్రాక్టు ఎంతకాలం. ఆ పని క్వాలిటీ కంట్రోల్ కోచ్ స్థాయిది అయితే, అంటే ప్రత్యర్థి ఆటల వీడియోలు విడదీసి నివేదికలు రాసేది అయితే, తీసుకోదగ్గదే, ఎందుకంటే ఆ నైపుణ్యం మరో జట్టులోనూ పనికొస్తుంది. పిలుపు రాకపోయినా, అల్పసంఖ్యాక వర్గాల కోచ్‌ల కోసం 1987లో ఎన్‌ఎఫ్‌ఎల్ కోచ్ బిల్ వాల్ష్ ఆలోచనతో మొదలైన శిక్షణ ఫెలోషిప్ గురించి అతను విచారించాలి.

చదువు మాత్రం ఆపవద్దనండి. కాలేజీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ ఉద్యోగమే విద్యార్థి హోదాపై ఆధారపడినది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేకపోతే తిరిగి రావడానికి ఆ డిగ్రీయే దారి. కోచ్‌ల నియామకాలు ఎక్కువగా జనవరిలో జరుగుతాయి కనుక, మిగిలిన క్రెడిట్లను ఆన్‌లైన్‌లో పూర్తిచేయడానికి వీలుందేమో, సెలవు తీసుకుంటే సీటు ఎంతకాలం ఉంటుందో విశ్వవిద్యాలయాన్ని ఈ సెమిస్టర్‌లోనే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోమనండి.