బ్లాక్ హోల్ దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ మింగేస్తుందా?

“బ్లాక్ హోల్ అన్నిటినీ మింగేస్తుంది, దానికి జుట్టు ఉండదు అంటారు. ఎంతవరకు నిజం?” అని అడిగారు. ‘జుట్టు ఉండదు’ అంటే ద్రవ్యరాశి, ఛార్జ్, తిరిగే వేగం తప్ప బయటికి తెలిసే గుర్తు ఇంకేదీ ఉండదని. నా పీహెచ్‌డీ రెండో ఏడాదంతా దీనితోనే గడిచింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను: అన్నిటినీ మింగదు.

ఛార్జ్ ఉన్న బ్లాక్ హోల్ చుట్టూ, అదే గుర్తు ఛార్జ్ ఉన్న స్కేలార్ ఫీల్డ్‌ని (దిశ లేకుండా, ప్రతి చోటా విలువ మాత్రమే ఉండే, తరంగంలా కదిలే క్షేత్రం) కంప్యూటర్‌లో నడుపుతున్నాను. కొంత దూరంలో అద్దంలాంటి గోడ పెట్టాను. రాత్రి రెండున్నరకి చూస్తే ఫీల్డ్ ఎనర్జీ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. లాగ్ గ్రాఫ్‌లో స్కేలు పెట్టి గీసినంత తిన్నగా పైకి పోతోంది గీత. కోడ్‌లో తప్పే అనుకున్నాను. గ్రిడ్ మార్చాను, టైమ్ స్టెప్ తగ్గించాను. గీత మారలేదు. పదకొండు రోజులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. చివరికి హొరైజన్ (లోపలికి దాటితే తిరిగి రాలేని బ్లాక్ హోల్ అంచు) దగ్గర లోపలికి పోయే ఎనర్జీ ప్రవాహం లెక్కేస్తే మైనస్! ఫీల్డ్‌కి ఎంత చేరిందో, బ్లాక్ హోల్ నుంచి సరిగ్గా అంతే బయటికొస్తోంది.

ఇది భౌతిక శాస్త్రవేత్త బెకెన్‌స్టైన్ 1973లోనే చెప్పిన సంగతి. తరంగం ఛార్జ్‌ని హొరైజన్ దగ్గరి విద్యుత్ పొటెన్షియల్‌తో గుణించండి, అదే హద్దు. ఫ్రీక్వెన్సీ అంతకంటే తక్కువైతే తరంగం బలం పుంజుకుని తిరిగొస్తుంది. గోడ ఎందుకంటే, లేకపోతే ఒక్కసారి బలపడి దూరంగా వెళ్ళిపోతుంది. ఫీల్డ్ ద్రవ్యరాశే గోడలా ఆపదా అంటారా? తిరిగే బ్లాక్ హోల్ దగ్గర ఆపుతుంది. ఇక్కడ మాత్రం ఫీల్డ్‌ని పట్టి ఉంచాలంటే ఒకే గుర్తు ఛార్జ్‌ల వికర్షణ మీద గురుత్వాకర్షణ గెలవాలి, అది గెలిస్తే బలపడటం ఉండదు.

నా బాధల్లా ఎమ్మెస్సీ పాఠాల గురించి. ‘జుట్టు ఉండదు’ అని బోర్డు మీద రాసి, ఏ షరతుల్లోనో చెప్పకుండా ముందుకెళ్ళిపోయారు. మేమూ పరీక్షలో అలాగే రాశాం. గోడ లోపల పెరిగిన ఫీల్డ్ చివరికి బ్లాక్ హోల్ చుట్టూ జుట్టుగా నిలిచిపోతుందని 2016లో సాంచిస్-గ్వాల్ బృందం కంప్యూటర్‌లో చూపించింది. తనతో తాను సరైన రీతిలో ఇంటరాక్ట్ అయ్యే ఫీల్డ్ అయితే గోడ అవసరం కూడా లేదని 2020లో తేలింది. అప్పుడు ఫ్రీక్వెన్సీ సరిగ్గా బెకెన్‌స్టైన్ చెప్పిన ఆ హద్దు మీదే నిలబడాలి. అసలు బ్లాక్ హోలే లేకుండా, గురుత్వాకర్షణ ఒకవైపు, వికర్షణ మరోవైపు తూగి నిలిచే ఛార్జ్ ఉన్న బోసాన్ నక్షత్రాలను (ఇలాంటి ఫీల్డే ముద్దగా నిలిచే ఊహా నక్షత్రాలు) యెట్సర్, వాన్ డెర్ బై 1989లోనే లెక్కగట్టారు. ఇవన్నీ క్లాసులో పది నిమిషాల్లో చెప్పొచ్చు.

ల్యాప్‌టాప్ ఉంటే మీరే చేసి చూడండి. గోడని మరీ దగ్గర పెట్టకండి, ఫ్రీక్వెన్సీ హద్దు దాటిపోతుంది. తరంగం ఛార్జ్ గుర్తు మార్చి కూడా ఒకసారి నడపండి. అప్పుడు మాత్రం నిజంగానే మింగేస్తుంది.