బ్లేడు పూతల తనిఖీ: ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నాడు. జెట్ ఇంజిన్ బ్లేడ్ల మీద వేసే, వేడిని తట్టుకునే పూతల తనిఖీలో స్థిరపడాలని వాడి కోరిక. ఒక శిక్షణ కేంద్రం వాళ్లు రెండు వారాల్లో ఐదు ఎన్‌డీటీ (వస్తువును పాడుచేయకుండా తనిఖీ చేసే) పద్ధతుల్లో లెవెల్-2 (సొంతంగా తనిఖీ చేసి ఫలితం తేల్చే స్థాయి) సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. చేర్పించమంటారా?
– ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: వద్దండి. ఎన్‌డీటీ సిబ్బంది అర్హతలకు వాడే అమెరికన్ మార్గదర్శకం ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ విధానంలో సర్టిఫికేషన్ బాధ్యత ఉద్యోగమిచ్చే సంస్థది. లోహంలో సుడి కరెంట్లు పుట్టించి పరీక్షించే ఎడ్డీ కరెంట్ పద్ధతి ఒక్కదానికే లెవెల్-1కు, లెవెల్-2కు సాధారణంగా 40 గంటల చొప్పున శిక్షణ ఉంటుంది. ఆపైన పని అనుభవం కూడా కావాలి.

పైగా అలాంటి ప్యాకేజీల్లో ఉండే పద్ధతులు చాలావరకు ఈ పూతకు పనికిరావు. పగుళ్లలోకి దిగి వాటిని చూపించే ద్రవం పెనెట్రెంట్. దాన్ని పూస్తే పూతలోని సెరామిక్ రంధ్రాలన్నీ పీల్చుకుంటాయి, ఏది పగులో తెలియదు. బ్లేడు అయస్కాంతానికి లొంగని నికెల్ మిశ్రమలోహం కాబట్టి, అయస్కాంత పొడితో చేసే మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష కుదరదు. లోపల పూత విడిపోయినా ఎక్స్-రేలో సాధారణంగా కనిపించదు.

ముందు పూత ఎందుకు ఊడుతుందో మీవాడు చదవాలి. లోహం మీద బాండ్ కోట్ (పూతను పట్టి ఉంచే లోహపు పొర), దానిపైన 0.1–0.3 మి.మీ. మందాన ఇట్రియా కలిపిన జిర్కోనియా అనే సెరామిక్ ఉంటాయి. వాడకంలో ఆ రెంటి మధ్య అల్యూమినా పొర పెరుగుతుంది. అది కొన్ని మైక్రాన్లకు చేరాక, ఇంజిన్ చల్లారినప్పుడల్లా పుట్టే ఒత్తిడికి సెరామిక్ పెచ్చులూడుతుంది. ఊడకముందే పట్టుకోవడమే ఈ ఉద్యోగం.

అందుకు నేర్చుకోవాల్సినవి ఎడ్డీ కరెంట్, ఫ్లాష్ థర్మోగ్రఫీ (ఫ్లాష్ వెలుగుతో పైభాగాన్ని వేడిచేసి, అది చల్లారే తీరును ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూడటం). ఎడ్డీ కరెంట్‌లో, సెరామిక్‌లో కరెంట్ పారదు కాబట్టి ప్రోబ్‌కు (పూత మీద ఆనించే కొలత మొనకు), లోహానికి మధ్య దూరమే పూత మందం. పరికరం రీడింగును సున్నాకు సరిచేయడం మాత్రం అదే మిశ్రమలోహం, అదే బాండ్ కోట్ ఉన్న, సెరామిక్ లేని ముక్క మీదే చేయాలి. అల్యూమినియం ముక్క మీద చేస్తే కొలత తప్పుతుంది. ప్రోబ్ వాలినా, బ్లేడు అంచు దగ్గరైనా, కూలింగ్ రంధ్రాల పక్కనైనా ఇదే ఇబ్బంది. థర్మోగ్రఫీలో పూత విడిపోయిన చోట వేడి లోపలికి దిగక ఆ మచ్చ ఎక్కువసేపు వేడిగా కనిపిస్తుంది. మసి మరకలు కూడా అలాగే మోసం చేస్తాయి, అందుకే ముందు కంటితో చూసి గుర్తు పెట్టుకోవాలి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా నికెల్ మిశ్రమలోహపు పలక మీద పూతకు బదులుగా 50, 100, 250 మైక్రాన్ల ప్లాస్టిక్ షిమ్‌లు (మందం తెలిసిన పలుచని రేకులు) పెట్టి, ఎడ్డీ కరెంట్ రీడింగుల గ్రాఫ్ గీయమనండి. ఇంటర్వ్యూలో ఐదు సర్టిఫికెట్లకన్నా ఆ గ్రాఫ్‌కే విలువ. హైదరాబాద్‌లోనే ఏఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ అనే లోహ, పదార్థ పరిశోధన సంస్థలు ఉన్నాయి, ఇంటర్న్‌షిప్‌కు కాలేజీ ద్వారా దరఖాస్తు చేయించండి. శిక్షణకు ఎన్‌డీటీ నిపుణుల భారతీయ సంఘం ఐఎస్‌ఎన్‌టీ కోర్సులు చూడండి. విమాన రంగంలో ఎన్‌డీటీ సిబ్బందికి ఎన్‌ఏఎస్ 410 అనే ప్రమాణం ప్రకారం అర్హత అడుగుతారు. దగ్గరి చూపు పరీక్ష ఏటా ఉంటుంది, రంగుల తేడా గుర్తించే పరీక్ష కూడా ఉంటుంది. ఫీజు కట్టేముందే ఆ రెండూ చేయించండి.