విషవాయువు సోకి బతికిన పిల్లలు తర్వాత పూర్తిగా కోలుకుంటారా?

రసాయన ఆయుధాల దాడి నుంచి ప్రాణాలతో బయటపడిన సామాన్యులు, ముఖ్యంగా పిల్లలు, కొన్నాళ్లకు మామూలు మనుషులు అవుతారా, ఆ ప్రభావం వారికి పుట్టబోయే బిడ్డలకు కూడా వస్తుందా అని మీరు అడిగారు. తగిలిన రసాయనం ఏది, ఎంత మోతాదులో, ఎంతసేపు తగిలింది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. నేను యుద్ధాన్ని చూడలేదు గానీ, నల్లగొండ జిల్లాలో ఎమర్జెన్సీ వార్డులో స్టాఫ్ నర్సుగా చాలాకాలం పనిచేశాను. పత్తికి మందు కొట్టే రోజుల్లో మా దగ్గరికి వచ్చే కేసులు, నరాలను దెబ్బతీసే రసాయన ఆయుధం సారిన్ బాధితులకు చాలా దగ్గరివి.

ఎందుకంటే పురుగుమందు, సారిన్ రెండూ ఒకే కుదురు నుంచి వచ్చాయి. జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త పురుగుమందుల కోసం పరిశోధిస్తూ 1936లో టాబూన్ అనే నరాల విషాన్ని కనుగొన్నాడు, 1938లో ఆయన బృందమే సారిన్‌ను తయారుచేసింది. మన చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందుల్లాగే ఇవి కూడా నరాల సంకేతాన్ని ఆపే ఎంజైమును అడ్డుకుంటాయి. అందుకే కంటిపాప సూదిమొనంత అవడం, నోట నురగ, ఊపిరాడకపోవడం రెండింటిలోనూ ఒకటే, మొదట ఎక్కించే విరుగుడు మందు అట్రోపిన్ కూడా ఒకటే. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు బాగై ఇంటికి వెళ్లిన కొన్ని వారాలకు, నడుస్తుంటే చెప్పులు కాళ్ల నుంచి జారిపోతున్నాయని తల్లి మళ్లీ తీసుకొచ్చింది. చూస్తే పాదాలు పైకి లేవడం లేదు. కొన్ని పురుగుమందులు ఇలా ఆలస్యంగా నరాలను దెబ్బతీస్తాయి. సారిన్‌లోనూ అచ్చం ఇదే జరుగుతుందని నేను అనను. దాని తీవ్రమైన కేసుల్లో మూర్ఛలు, ఆక్సిజన్ అందకపోవడం వల్ల మెదడుకు కలిగే నష్టమే ఎక్కువగా మిగిలిపోతుంది. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ బారిన పడ్డవారిలో చాలామందికి కంటి అలసట, మసకచూపు, ఆ రోజు తాలూకు భయం ఏళ్ల తరబడి వదల్లేదు.

దీర్ఘకాలిక నష్టంలో మాత్రం మస్టర్డ్ గ్యాస్‌ను మించింది లేదనిపిస్తుంది. అది నిజానికి నూనెలాంటి ద్రవం. తగిలిన కొన్ని గంటల దాకా బాధ తెలియనివ్వదు, ఈలోగా కణాల్లోని డీఎన్‌ఏను పాడుచేస్తుంది. 1987 జూన్ 28న ఇరాన్‌లోని సర్దష్త్ పట్టణంపైనా, 1988 మార్చి 16న ఇరాక్‌లోని కుర్దుల పట్టణం హలబ్జాపైనా దాన్ని ప్రయోగించారు. హలబ్జాలో వేలమంది చనిపోయారు. బతికినవారిలో చిన్న శ్వాసనాళాలు మూసుకుపోయి మెట్లెక్కడమే కష్టమైనవారు, కళ్లు నయమయ్యాయనుకున్న పది పదిహేనేళ్లకు నల్లగుడ్డు పైపొర మళ్లీ పుండై చూపు కోల్పోయినవారు ఉన్నారు. ఇది క్యాన్సర్ కారకం కూడా.

పిల్లలకు ముప్పు ఎక్కువ కావడానికి కారణం వారి శరీరమే. ఈ ఆవిర్లు గాలికంటే బరువు కాబట్టి నేల దగ్గర పేరుకుంటాయి, పిల్లల ముక్కు ఉండేదీ ఆ ఎత్తులోనే. బరువుతో పోలిస్తే వాళ్లు పీల్చే గాలి ఎక్కువ, చర్మం పలుచన, ఊపిరితిత్తులు ఇంకా ఎదిగే దశలో ఉంటాయి. బాంబులకు భయపడి నేలమాళిగల్లో దాక్కోవడం సరైన పనే, కానీ 2013లో సిరియాలోని ఘౌటాలో సారిన్ సరిగ్గా అక్కడికే దిగింది. మా వార్డులో బట్టలు విప్పి సబ్బునీళ్లతో కడగడమే మొదటి పని. చంటిపిల్లల విషయంలో దానికి దొరికే వ్యవధి మరీ తక్కువ.

ఇక తర్వాతి తరం సంగతి. సారిన్ ఒంట్లో నిల్వ ఉండదు. డయాక్సిన్ అనే విషరసాయనం అలా కాదు, కొవ్వులో ఏళ్ల తరబడి ఉండి తల్లిపాల ద్వారా బిడ్డకు చేరుతుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే మందులో ఉన్నది అదే. దాన్ని ఆయుధంగా కాదు, ఆకులు రాల్చే మందుగానే వాడామన్న వాదన ఉన్నా, వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టిన తమ మాజీ సైనికుల పిల్లలకు అమెరికా ప్రభుత్వమే పరిహారం ఇస్తోంది. అక్కడి బియెన్ హోవా విమాన స్థావరంలో డయాక్సిన్ ఇంకిన మట్టిని శుభ్రం చేసే పని 2019లో గానీ మొదలుకాలేదు.