గొలుసు పట్టుకుంటే గానీ నిద్రపోడు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు నిండాయి. పుట్టినప్పటి నుంచీ నా పక్కనే పడుకుంటాడు. నా నల్లపూసల గొలుసు వేలికి చుట్టుకుంటే గానీ నిద్రపోడు. నాకిప్పుడు ఐదో నెల. చంటిబిడ్డ వచ్చేలోపు వాడికి విడిగా పడుకోవడం అలవాటు చేద్దామని నెల క్రితం పక్క గదిలో చిన్న మంచం వేశాం. పగలంతా దాని మీద ఎక్కి ఆడుకుంటాడు, రాత్రయితే ఒకటే ఏడుపు. ‘రెండ్రోజులు ఏడిస్తే వాడే అలవాటు పడతాడు’ అని మావారు ఓ రాత్రి తలుపు వేసేశారు. వాంతి చేసుకునేదాకా ఏడ్చాడు. మా అత్తయ్యగారేమో ‘పసివాణ్ని అప్పుడే దూరం పెడతారా’ అని బాధపడుతున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌తో నాకే నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ముందుగా ఒక్క మాట. నాలుగేళ్లు పక్కన పడుకోబెట్టుకుని మీరు బాబుని చెడగొట్టలేదు. మన ఇళ్లలో చాలామంది పిల్లలు అమ్మ పక్కనో, నానమ్మ పక్కనో పడుకునే పెరిగారు. కాబట్టి మీ అత్తయ్యగారి బాధలో తప్పేమీ లేదు. కానీ మీ అవసరం కూడా నిజమైనదే. చంటిబిడ్డ పక్కన నాలుగేళ్ల పిల్లాడు పడుకుంటే నిద్రలో కాలో, చెయ్యో, దుప్పటో పసిబిడ్డ ముఖం మీద పడొచ్చు. అది ప్రమాదం. మొదటి ఆరు నెలలైనా పసిబిడ్డని తల్లి ఉన్న గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోబెట్టమని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఈ సంగతి అత్తయ్యగారికి ఇలాగే చెప్పండి. ‘వాణ్ని దూరం పెట్టడం కాదు అత్తయ్యా, పుట్టబోయే బిడ్డకి చోటు చూసుకోవడం’ అంటే ఆవిడ తప్పకుండా అర్థం చేసుకుంటారు.

ఇక బాబు సంగతి. మనందరికీ రాత్రి నాలుగైదుసార్లు మెలకువలాంటిది వస్తుంది. చుట్టూ అంతా పడుకున్నప్పుడు ఉన్నట్టే ఉంటే, తెలియకుండానే మళ్లీ నిద్రలోకి జారిపోతాం. మీవాడు వేలికి గొలుసు చుట్టుకుని పడుకుంటాడు. అర్ధరాత్రి మెలకువ వచ్చి వెతుక్కుంటే వేలికి గొలుసు లేదు, పక్కన అమ్మ లేదు. ఇది మొండితనం కాదమ్మా, భయం. దయచేసి ఇంకెప్పుడూ ఆ తలుపు వేయకండి. వాంతి అయ్యేదాకా ఏడ్చిన పిల్లాడికి ఆ గదంటేనే బెరుకు పట్టుకుంటుంది.

అందుకే ముందు మంచం సంగతి ఓ పదిరోజులు పక్కన పెట్టి, గొలుసు సంగతి చూడండి. మీ పాత నూలు చీరతో చిన్న బొంత కుట్టించండి. అత్తయ్యగారికి చేతనైతే ఆవిణ్నే కుట్టమనండి, ఆవిడ కోపమూ కొంత తగ్గుతుంది. నాలుగు రాత్రులు ఆ బొంత మీరే కప్పుకోండి, మీ వాసన పడుతుంది. తర్వాత వాణ్ని మీ పక్కనే ఉంచుకుని, గొలుసు బదులు బొంత అంచు చేతికివ్వండి. గొలుసు తీసి బీరువాలో పెట్టేయకండి, వెతుక్కుంటాడు. జాకెట్టు లోపలికి వేసుకుంటే చాలు. మొదటి రెండుమూడు రాత్రులు గొడవ చేస్తాడు. అప్పుడు చెయ్యి పట్టుకోనివ్వండి.

బొంతతో నిద్రపోవడం వచ్చాక, చిన్న మంచాన్ని పక్క గదిలోంచి తెచ్చి మీ మంచానికి ఆనించి వేయండి. కొన్నాళ్లకి మధ్యలో జానెడు సందు, ఆ తర్వాత మూరెడు. మీరు పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి, మూడునాలుగు రోజులకోసారి స్టూలు కాస్త వెనక్కి జరపండి. పక్క గది దాకా ఇప్పుడే వెళ్లక్కర్లేదు. ఒకే గదిలో తన మంచం మీద తను పడుకుంటే మీ అవసరం తీరినట్టే.

అర్ధరాత్రి లేచి మీ పక్కలోకి వస్తాడు, ఖాయంగా వస్తాడు. తిట్టొద్దు, బుజ్జగిస్తూ కబుర్లూ పెట్టొద్దు. ‘ఇక్కడే ఉన్నాం నాన్నా, పడుకో’ అని మళ్లీ తన మంచం మీద పడుకోబెట్టాలి. ఈ పని మీవారిది. ఐదో నెలలో అర్ధరాత్రి పిల్లాణ్ని ఎత్తుకుని మీరు తిరగకూడదు. మూడు రాత్రులు గట్టిగా ఉండి నాలుగో రాత్రి పోనీలే అని పక్కలోకి రానిస్తే, ఆ నాలుగో రాత్రి కోసమే వాడు రోజూ ఏడుస్తాడు.

మీవారితో ఇంకో మాట కూడా చెప్పండి. ఇప్పుడు బాబు దృష్టిలో నాన్నంటే తలుపు వేసిన మనిషి. ఆ ముద్ర పోవాలి. బాత్రూమ్‌కి తీసుకెళ్లడం, మంచినీళ్లు, ఒక కథ, లైటు తీసి జీరో బల్బు వేయడం, ఇవన్నీ రోజూ అదే వరసలో ఆయనే చేయాలి. కాన్పు రోజు మీరు ఆసుపత్రిలో ఉంటే వాణ్ని నిద్రపుచ్చాల్సింది ఆయనే కదా.

పగలు ఎంతసేపు పడుకుంటున్నాడో కూడా చూసుకోండి. ఈ వయసుకి పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటలు చాలు. సాయంత్రం ఐదింటిదాకా పడుకున్న పిల్లాడు తొమ్మిదింటికి కళ్లు మూయడు. పక్క ఎక్కే గంట ముందే సెల్‌ఫోన్ ఇవ్వడం ఆపేయండి. అన్నం తినడం లేదని పగలు ‘బూచాడొస్తాడు’ అని బెదిరించి, రాత్రికి ఒంటరిగా పడుకోమంటే ఎలా పడుకుంటాడు? ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాకూడదు.

పక్క తడిపితే ఏమీ అనకండి, ఐదేళ్లలోపు అది మామూలే. రోజూ గురక పెడుతున్నా, నోరు తెరిచి గాలి పీలుస్తున్నా మాత్రం పిల్లల డాక్టరుకి చూపించండి.

‘నువ్వు పెద్దోడివయ్యావు, పాపాయి వస్తోంది కదా’ అంటూ మంచం మార్చకండి. తన చోటు పాపాయి లాగేసుకుందని అనుకుంటాడు. తెల్లారాక మాత్రం వాణ్ని మీ పక్కలోకి రానివ్వండి. అప్పుడో పది నిమిషాలు గొలుసుతో ఆడుకోనివ్వండి, పొట్ట మీద చెయ్యి వేసి పాపాయి కదలికలు చూడనివ్వండి. ఒకవేళ కాన్పుకి పుట్టింటికి వెళ్తే అక్కడ మంచమూ ఉండదు, వరసా ఉండదు, అమ్మమ్మ పక్కలో దూరతాడు. దూరనివ్వండి. బట్టలు సర్దేటప్పుడు ఆ బొంత మాత్రం మర్చిపోకండి.