దేనిలోంచి దేన్ని తీసెయ్యాలి?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఓడల సాపేక్ష చలనం గీసే నీ ప్రోగ్రాములో సదిశల (పరిమాణంతో పాటు దిశా ఉన్న రాశుల) కూడిక ఎలాగూ ఉంది, తీసివేత చేర్చడం ఒక్క పూట పని అన్నావు. కోడ్ వరకు నిజమే. రెండు లైన్లు. అయితే ఆ రెండు లైన్లలో దేనిలోంచి దేన్ని తీసేస్తున్నావన్నదే అసలు సంగతి.

కాగితం తీసుకుని ఈ లెక్క వెయ్యి. మన ఓడ నేరుగా ఉత్తరానికి 12 నాట్ల వేగంతో, అంటే గంటకు 12 నాటికల్ మైళ్లు, వెళ్తోంది. అవతలి ఓడ పడమరకు, 9 నాట్లు. అది మనకు 3 నాటికల్ మైళ్లు తూర్పున, 4 మైళ్లు ఉత్తరాన ఉంది. అంటే దూరం 5 మైళ్లు, బేరింగ్, అంటే ఉత్తరం నుంచి డిగ్రీల్లో కొలిచిన దిశ, దాదాపు 037. దాని వేగంలోంచి మన వేగం తీసేస్తే తూర్పు భాగం −9, ఉత్తర భాగం −12. రాడార్ తెర మీద ఆ చుక్క 217 దిశలో, 15 నాట్లతో, సూటిగా మన మీదికే వస్తోంది. 20 నిమిషాల్లో ఢీ. ఇప్పుడు తిరగేసి తీసెయ్యి. వేగం అదే 15, దిశ మాత్రం 037. ఓడ దూరంగా వెళ్లిపోతోందని నీ ప్రోగ్రాము నిశ్చింతగా చెబుతుంది. వేగం సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు! అందుకే ఆ ఫంక్షన్‌కు ఊరికే 'తీసివేత' అని పేరు పెట్టకు, 'అవతలి ఓడలోంచి మన ఓడ' అని తెలిసేలా పెట్టు. పేరు పొడుగైతే కొంపలేమీ మునగవు.

మేము మాన్యువరింగ్ బోర్డు మీద, అంటే దిశలూ దూరాలూ వలయాలుగా అచ్చేసిన కాగితం మీద, పెన్సిలుతో గీసేవాళ్లం. రెండు ఓడల బాణాల తోకలూ మధ్య బిందువు దగ్గరే. మన బాణం కొన నుంచి అవతలి బాణం కొనకు గీసేదే సాపేక్ష చలనం. కొత్తలో నేనూ ఆ గీతకు తప్పు చివర బాణం గుర్తు పెట్టి చీవాట్లు తిన్నాను. అందుకే చెబుతున్నా, అంకెలు ఒక్కటే చూపించకు, ఆ త్రిభుజాన్ని తెర మీద గీసి చూపించు.

మన దిశలు ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు లెక్క. కాబట్టి తూర్పు భాగానికి సైన్, ఉత్తర భాగానికి కొసైన్. తిరిగి దిశ రాబట్టేటప్పుడు ఏటాన్2కు (రెండు భాగాల నుంచి కోణం ఇచ్చే atan2 ఫంక్షన్‌కు) తూర్పు భాగం ముందు ఇవ్వు, ఋణసంఖ్య వస్తే 360 కలుపు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. మన వేగం లాగ్ (ఓడ వేగం కొలిచే పరికరం) నుంచి వస్తే అది నీటితో పోల్చిన వేగం. ఏఐఎస్‌లో, అంటే ఓడలు తమ స్థానం, వేగం రేడియోలో తెలియజేసుకునే వ్యవస్థలో, అవతలి ఓడ పంపేది నేలతో పోల్చిన వేగం. ఈ రెండింటినీ కలగలిపి తీసేస్తే, ప్రవాహం 2 నాట్లుంటే ఆ 2 నాట్లూ తప్పుగా జవాబులో చేరతాయి. రెండూ ఒకే రకమైతే ప్రవాహం దానంతటదే రద్దవుతుంది. ప్రతి సదిశకూ అది ఏ రకమో గుర్తు తగిలించు. గుర్తులు కలవకపోతే ప్రోగ్రాము లెక్క చెయ్యనని మొండికెయ్యాలి.

రెండు ఓడలూ ఒకే దిశలో, ఒకే వేగంతో వెళ్తే తేడా సున్నా. అప్పుడు దిశ దగ్గర 000 చూపించకు, అది ఉత్తరమని అర్థం. ఖాళీ గీతలు చాలు. అతి దగ్గరగా వచ్చే సమయం లెక్కలోనూ సున్నాతో భాగించే చోటు అదే.

పైన వేసిన 20 నిమిషాల లెక్కనే మొదటి పరీక్షగా పెట్టు. ఆ తర్వాత ఏది మన ఓడో, ఏది అవతలిదో తారుమారు చేసి చూడు. దిశ సరిగ్గా 180 డిగ్రీలు తిరగాలి, సమయం మాత్రం కదలకూడదు. కదిలిందా, ఎంత రాత్రయినా సరే, ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న