గర్భం ఎవరు ‘తెచ్చుకున్నట్టు’?

సందేహం: అత్యవసర గర్భనిరోధక మాత్ర ప్రకటన ఒకటి తెలుగులో సరిచూస్తున్నాను. ‘అవాంఛిత గర్భం తెచ్చుకోకండి. ఈ మాత్ర 72 గంటలు పనిచేస్తుంది’ అని ఉంది. బొమ్మలో అమ్మాయి ఒక్కతే. ‘తెచ్చుకోకండి’ వ్యాకరణం ప్రకారం తప్పా? ‘ఆమె కుటుంబ నియంత్రణ చేయించుకుంది’ అనవచ్చా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. అయినా ఆ మాట అచ్చుకు పోకూడదు.

‘తెచ్చుకోకండి’లో ఉన్నట్టు క్రియకు ‘కొను’ చేరితే పని ఫలితం చేసినవారికే చెందుతుంది. ‘మంచిపేరు తెచ్చుకుంది’ అంటే ఆ పేరులో ఆమె కృషి ఉంది. చెడ్డదాని పక్కన ఇదే క్రియ నింద అవుతుంది: ‘రోగం తెచ్చుకున్నాడు’, ‘లేనిపోని తలనొప్పి తెచ్చుకున్నావు’. ఇక గర్భం సంగతి. పెళ్లయిన ఆమె గురించి ‘నెల తప్పింది’, ‘కడుపుతో ఉంది’, ‘నీళ్లోసుకుంది’ అంటాం. (చివరిదాంట్లోనూ ‘కొను’ ఉంది గానీ అది శుభవార్త చెప్పే మాట, తప్పు మోపదు.) ‘కడుపు తెచ్చుకుంది’ అనేది పెళ్లికాని పిల్లను తిట్టే మాట. మగవాడు కర్తగా ‘కడుపు చేశాడు’ అని వినపడేది కూడా తగవుల్లోనే. మామూలు సంసారంలో గర్భానికి మగ కర్త ఉన్న వాక్యం మన వాడుకలో దాదాపు లేదు. మీ ప్రకటన ఆ పాత తిట్టుకే ‘అండి’ తగిలించింది. అందుకే కటువుగా ఉంది.

‘మీరు’కు, ‘అండి’కి లింగభేదం లేదు. ‘గర్భం రాకుండా జాగ్రత్తపడండి’ అంటే ఇద్దరికీ చెప్పినట్టే కావాలి. కానీ పక్కన ఆడమనిషి బొమ్మ ఒక్కటే ఉంటే ఆ ‘మీరు’ ఆమె ఒక్కతే అయిపోతుంది. బొమ్మ మార్చడం మీ చేతిలో లేకపోతే ‘మీరిద్దరూ’ అని రాయండి. ‘మేమిద్దరం, మాకిద్దరు’ అన్న పాత సర్కారీ నినాదం ఈ పని చక్కగా చేసింది. అందులో మాట్లాడేది జంట.

‘72 గంటలు పనిచేస్తుంది’ అన్నది మరీ ప్రమాదం. వేసుకున్నాక మూడు రోజులు రక్షణ ఉంటుందని చదువుకునేవారు తప్పక ఉంటారు. నిజానికి కలయిక జరిగాక 72 గంటలలోగా వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. ఆ తర్వాత మళ్లీ కలిస్తే ఆ మాత్ర కాపాడదు. ‘లోగా’ అన్న చిన్న మాట వదిలేస్తే అర్థం తలకిందులవుతుంది. దీన్ని ‘గర్భస్రావ మాత్ర’ అని కూడా రాయకండి. ఇది ముఖ్యంగా అండం విడుదలను ఆలస్యం చేస్తుంది, నిలిచిన గర్భాన్ని తీసివేయదు.

రెండో ప్రశ్న. కుటుంబ నియంత్రణ అనేది లక్ష్యం పేరు. దేశంలో ఆ కార్యక్రమం 1952లో మొదలైంది. లక్ష్యం పేరు పిల్లలు పుట్టకుండా చేసే ఒక శస్త్రచికిత్సకు, అదీ ఆడవారి శస్త్రచికిత్సకు పేరైపోయింది. మొదటినుంచీ ఇలా లేదు. 1976–77లో దేశంలో జరిగిన 80 లక్షల పైచిలుకు ఆపరేషన్లలో 60 లక్షలకు పైగా మగవారివే. అత్యవసర పరిస్థితినాటి బలవంతాల తర్వాత మగవారి ఆపరేషన్లు పడిపోయాయి, కార్యక్రమం పేరు కూడా ‘కుటుంబ సంక్షేమం’గా మారింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. భర్త ఆపరేషన్ చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 0.3 శాతం. అందుకే పత్రికల్లో ‘కు.ని.’ (కుటుంబ నియంత్రణ) అనగానే ఆడవారే గుర్తొస్తారు. సంభాషణలో ఆ వాడుక ఉండనివ్వండి. ప్రకటనలో మాత్రం ఆడవారి ఆపరేషన్‌ను ‘ట్యూబెక్టమీ’ అని, మగవారిదాన్ని ‘వేసెక్టమీ’ అని విడివిడిగా రాయాలి. వేసెక్టమీ కాగానే రక్షణ మొదలవదని, మూడు నెలలు వేరే పద్ధతి వాడి వీర్యపరీక్ష చేయించుకోవాలని కూడా చేర్చాలి.

మీరు అడగలేదు గానీ, ఇలాంటి ప్రకటనల్లో ‘భర్త సహకరించాలి’ అన్న వాక్యం కనబడితే కొట్టేయండి. సహకరించడమంటే ఇంకొకరి పనికి సాయపడటం. పని భార్యదేనని ముందే తేల్చేసినట్టు. ‘ఎవరు ఏ పద్ధతి పాటించాలో భార్యాభర్తలు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి’ అని రాస్తే చాలు. ఇక్కడి ‘కొను’ ఇద్దరికీ చెందుతుంది.